ప్లేస్టేషన్ 2 ను ఇంకను ఇంట నుంచుకొనవలయునా?

ఇరువదియేండ్లు దాటిన వీడియో గేము యంత్రము నొకదానిని ఇంట నుంచుకొనుట లాభమా, వ్యర్థమా యను ప్రశ్న పైకి బాలిశముగా దోచవచ్చును. కాని దీనిపై వాదులాడుకొనువారి మాటలను కొంచెము శ్రద్ధతో ఆలకించినచో, అందొక పక్షమువారు యంత్రముయొక్క శక్తిని గూర్చియు, వేఱొక పక్షమువారు తమ బాల్యమును గూర్చియు, ఇంకొక పక్షమువారు పాతసరకుల ధరలను గూర్చియు మాటలాడుచుండుటచేత, ఒకరి సమాధానము మఱియొకరి ప్రశ్నకు తగులక, వాదము ఏండ్ల తరబడి మొదలైన చోటనే నిలిచియుండుట తెలియవచ్చును. బాల్యస్మృతులను గూర్చి ఎవరితోను వాదింపజాలము. అవి యెవరివి వారివి. ధర నేడొకటి, రేపొకటి. కావున ఆ రెంటిని ఒక ప్రక్కకు నెట్టి, ఈ యంత్రమునందు మాత్రమే దొరకునది, మఱెక్కడను దొరకనిది ఏమైన గలదా యను నొక్క విషయమునే యిందు పరిశీలింపదలచితిని.

దృష్టాంతముగా ప్లేస్టేషన్ 2 ను గ్రహించుచున్నాను. లోకమున అన్నిటికంటె మిక్కుటముగా అమ్ముడుపోయిన గేము యంత్రమగుట యొక కారణము. మన హైదరాబాదులో తయారైన కొన్ని యాటలు దానికొఱకు పుట్టి, దానితోడనే మూలబడుట రెండవ కారణము. ఈ రెండవదియే నన్నీ వ్యాసమునకు పురికొల్పినది.

సోనీ సంస్థ దీనిని 2000 మార్చి 4 న జపానులో విడుదల చేసెను. ఆ యేటి అక్టోబరులో అమెరికాకును, నవంబరులో ఐరోపాకును అది చేరెను. 2013 జనవరిలో లోకమంతట దీని తయారీ నిలిచిపోవునప్పటికి, దాని తరువాత పుట్టిన ప్లేస్టేషన్ 3 కి ఆఱేండ్లు నిండియుండెను. తమ్ముడు ఎదిగి సంపాదనపరుడైన పిమ్మటగూడ అన్న కొలువు మానలేదన్నమాట. మొత్తము 16 కోట్ల యంత్రములు అమ్ముడైనవని సంస్థ చెప్పుచున్నది. ఇంతటి యాదరణమునకు ఆటలొక్కటియే కారణము గాదు. డీవీడీ చిత్రములను చూపగలుగుటచే ఒకే వెలకు రెండు యంత్రములు ఇంటికి వచ్చినట్లయ్యెను. అంతకు ముందటి ప్లేస్టేషన్ డిస్కులు సైతము ఇందు ఆడుటచేత, కొత్తది కొన్నవాడు పాతవానిని పాఱవేయవలసిన దుఃఖము తప్పెను.

దాని శక్తి యెట్టిదనగా, ప్రధాన ప్రాసెసరు వేగము సుమారు 295 మెగాహెర్ట్జులు. ప్రధాన మెమరీ 32 ఎంబీ. చిత్రరచనకు ప్రత్యేకించిన మెమరీ 4 ఎంబీ. నేడు 4 జీబీ మెమరీగల సామాన్యపు ఫోను సైతము ఆ విషయమున దానికి 128 రెట్లు. అయినను 2000 లో జపాను ప్రభుత్వము దీని గణనసామర్థ్యమును జూచి, క్షిపణులకు దారిచూపుటవంటి సైనిక కార్యములకు వినియోగపడునేమో యని శంకించి, ఎగుమతిపై ఆంక్షలు విధించెను. 2003 లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటింగ్ కేంద్రమువారు సుమారు 70 ప్లేస్టేషన్ 2 లను ఒకదానితో నొకటి జోడించి శాస్త్రగణనలకు వాడిచూచిరి. ఈ ముచ్చటలు వినుటకు ఇంపుగా నుండును గాని, నేడు యంత్రమును కొనదలచినవానికి వీనివలన ఒరుగునది లేదు. శక్తి దృష్ట్యా చూచినచో ఈ చర్చకు తావే లేదు. పాతది ఓడిపోయినది, ఎన్నడో ఓడిపోయినది.

ఇక ఆటల మాట. ఈ యంత్రముపై వెలసిన వేలకొలది యాటలలో మిగుల కీర్తి గడించినవానికి నేడు పాత యంత్రముతో పని లేకుండుటయే సామాన్యము. "షాడో ఆఫ్ ది కొలోసస్" అను కృతి 2005 లో దీనిపై వెలువడినప్పుడు, యంత్రమునకు శక్తి చాలక, చలనచిత్రము అచ్చటచ్చట తడబడుచుండెను. అది 2011 లో ప్లేస్టేషన్ 3 కొఱకును, 2018 లో ప్లేస్టేషన్ 4 కొఱకు సమూలముగా మరల నిర్మింపబడియు వెలువడినది. తొలిప్రతిలోని మసక వెలుగు, ఆ శూన్యపు మైదానముల పాలిపోయిన రంగు కొత్తదానిలో కొంత తగ్గినవని నాకు దోచినను, మొదటిమాఱు ఆడదలచినవానిని కొత్తదానివైపునకే పంపుదును. జపాను పురాణములను కుంచె గీతలతో చిత్రించిన "ఒకామి" యును, "ఫైనల్ ఫాంటసీ 10" యును ఇట్లే నేటి యంత్రములపై సలక్షణముగా దొరకుచున్నవి. ఈ మూటికొఱకు, ఇట్టివి మఱి ముప్పదింటికొఱకు పాత యంత్రమును కొనుమని ఎవరైన చెప్పినచో, అది అభిమానముచే చెప్పిన మాటయే గాని ఆలోచించి చెప్పిన మాట గాదు.

అయినను పునర్ముద్రణ మన్నంతనే మూలము క్షేమముగా చేరినదని తలచుట పొరపాటు. 2001 లో వెలువడిన "సైలెంట్ హిల్ 2" అను భయానకకృతిని 2012 లో మెఱుగులు దిద్ది మరల ప్రకటించినప్పుడు, దానికర్తలయొద్ద తుదిప్రతియొక్క మూలసంకేతము నిలిచియుండలేదు. అసంపూర్ణమైన ప్రతినుండి పని నడపవలసివచ్చెను. తొలికృతిలో పొగమంచు దట్టముగా గ్రమ్మి చూపఱుల గుండెలు దడదడలాడించుచుండగా, కొత్తదానిలో ఆ మంచు పలుచబడి, నటులు నిలుచుటకు కట్టిన అట్టగోడలవలె వీధుల కొసలు బయటపడినవి. "కింగ్‌డమ్ హార్ట్స్" అను ఆటకును మూలసామగ్రి పోగొట్టుకొని, విపణిలోని డిస్కునుండియే అనేకాంశములను తవ్వి తీయవలసివచ్చెనని దాని నిర్మాతలే చెప్పిరి. 2004 నాటి "జీటీఏ: శాన్ ఆండ్రియాస్" విషయము మఱియు విచిత్రము. ఆ యాటలో కారు నడుపుచు రేడియో త్రిప్పినచో నిజమైన గాయకుల పాటలు వినవచ్చును. ఆ పాటల యనుమతుల గడువు తీఱుటచే 2014 నాటి ప్రతులలో కొన్ని పాటలను తొలగించిరి. 2021 లో అదియే మూడు కృతుల సంపుటములో మరల వెలువడినప్పుడు దోషములు మిక్కిలియై, ప్రకటించిన సంస్థ క్షమాపణ చెప్పవలసివచ్చెను. పాత డిస్కునందలి పాటలను మాత్రము ఎవరును తీసివేయజాలరు. "గ్రాన్ టురిస్మో 4" అను కార్ల పందెపు టాటలో 700 కు పైగా కార్లు గలవు. ఇందఱి తయారీదారుల యనుమతులను మరల సంపాదించుట యెంత కష్టమో ఊహించుకొనవచ్చును. ఆ యాట ఇంతవరకు కొత్త యంత్రములపై వెలువడలేదు.

వీనికంటె సూక్ష్మమైన భేద మొకటి గలదు. అది చేతికి సంబంధించినది. ప్లేస్టేషన్ 2 తో వచ్చిన డ్యూయల్‌షాక్ 2 అను కంట్రోలరు మీదనున్న బొత్తాములు, నొక్కినదియు నొక్కనిదియు మాత్రమే గాక, ఎంత బలముగా నొక్కినదియు గుర్తింపగలవు. కార్ల పందెములో బొటనవ్రేలిని మెత్తగా మోపినచో కారు మెల్లగా సాగును, అదిమినచో దుమికును. "మెటల్ గేర్ సాలిడ్ 2" లో తుపాకి గురిపెట్టుటకు బొత్తామును నొక్కిపట్టి, విడిచినంతనే గుండు వెడలును గాని, వ్రేలిని నెమ్మదిగా సడలించినచో గుండు పేలకయే తుపాకి దిగును. శత్రువును చంపక బెదరించి విడుచుటకు ఆ సడలింపే సాధనము. మనస్సు మారుటను వ్రేలికొనయందు నిలిపిన యా యుక్తిని నేను మిగుల మెచ్చుకొందును. 2013 లో వచ్చిన ప్లేస్టేషన్ 4 కంట్రోలరునుండి ఈ గుణమును తొలగించిరి. కావున ఆ యాటయొక్క తరువాతి ప్రతులలో ఆ పనిని వేఱొక మీట కప్పగించవలసివచ్చెను. ఆట అదియే, కథ అదియే, చేయి మాత్రము వేఱు.

కంటికి సంబంధించిన భేదమును ఇట్టిదే. "టైమ్ క్రైసిస్ 2" వంటి యాటలను గన్‌కాన్ 2 అను తుపాకితో టీవీ తెరకు గురిపెట్టి ఆడుదురు. ఆ తుపాకి పనిచేయు రీతి యిది: పాత గాజుగొట్టపు టీవీలో ఎలక్ట్రాను కిరణము తెరపై ఎడమనుండి కుడికి, మీదినుండి క్రిందికి గీతలుగా ప్రాకుచు బొమ్మను గీయును, తుపాకి చూచుచున్న చోటికి ఆ కిరణము ఏ క్షణమున వచ్చినదో లెక్కించి, గురి యెక్కడ తగిలినదో యంత్రము తెలిసికొనును. నేటి పలుచని టీవీలలో ప్రాకెడు కిరణమే లేదు గనుక తుపాకి గ్రుడ్డిదగును. కావున ఇట్టి యాటలు కావలసినవానికి యంత్ర మొక్కటియే చాలదు, గాజుగొట్టపు టీవీయు వలయును. ఆ టీవీలనా, మన వీధులలో పాతసామాను కొనువారికి ఏనాడో తూకమునకు అమ్మివేసితిమి.

ఇప్పుడు హైదరాబాదు సంగతికి వచ్చెదను. 2009 లో "హనుమాన్: బాయ్ వారియర్" అను ఆట ప్లేస్టేషన్ 2 కొఱకు వెలువడెను. దానిని నిర్మించినది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ అను సంస్థ, ప్రకటించినది సోనీ. ఈ యంత్రము కొఱకు పూర్తిగా భారతదేశముననే నిర్మితమైన మొదటి యాటగా దానిని చెప్పుదురు. అమెరికాలోని హిందూ ప్రతినిధులు కొందఱు, భక్తులు పూజించు దైవమును ఆటగాడు బొత్తాములతో ఆడించుట తగదని ఆక్షేపించిరి. ఆ యేడే హైదరాబాదువారే యైన గేమ్‌శాస్త్ర సంస్థ "దేశీ అడ్డా" అను ఆటల సంపుటమును నిర్మించెను. కబడ్డీ, గాలిపటములు, తెలంగాణమువారు చిర్రగోనె యనియు కోస్తావారు గూటీబిళ్ళ యనియు పిలుచు ఆటయు అందు గలవు. మఱి ఆ సంస్థయే నిర్మించిన "డాన్ 2" అను ఆట, షారూఖ్ ఖాన్ చిత్రము ననుసరించినది, 2013 లో దీనిపై వెలువడెను. అనగా లోకమంతట యంత్రముయొక్క తయారీయే నిలిచిన యేటను, మన యూరివారు దానికి కొత్త ఆట నిచ్చుచుండిరి. ఇతర దేశములలో కొత్త యంత్రములు ఇంటింటను వెలసిన పిమ్మటగూడ, వెల తక్కువ యగుటచే మన మధ్యతరగతి యిండ్లలో ప్లేస్టేషన్ 2 యే రాజ్యమేలుచుండుటవలన ఇది సంభవించినది.

ఈ యాటలు గొప్పవని నేను చెప్పబోవుటలేదు. హనుమంతుని యాటను విమర్శకులు మెచ్చుకొనలేదు. చలనములు మొరటు, పోరాటములు ఒకటే తీరు, దారులు ఇరుకు. కాని సాహిత్యచరిత్రమున తొలికృతులను మనము గుణమునుబట్టియే నిలుపుకొనుచున్నామా? ఒక భాషలో తొలి నవల యేది, తొలి వార్తాపత్రిక యేది యని పండితులు గ్రంథాలయముల దుమ్ము దులుపుచు తర్జనభర్జనలు చేయుట, అవి రసవంతములని గాదు గదా. అంతర్జాతీయ ప్రమాణములు గల యొక యంత్రమునకు, అతి స్వల్పమైన మెమరీలో ఇమిడించుచు, మనవారు ఇచ్చట కూర్చుండి ఒక పురాణపురుషుని పరుగెత్తించిరి. ఆ తరువాతి సంవత్సరములలో హైదరాబాదు యానిమేషను పనులకును గేముల పనులకును ఒక కేంద్రముగా ఎదుగుటను చూచినవారికి, ఈ డిస్కులు ఆ వృత్తియొక్క తొలి యక్షరములుగా కనబడును. వీనిని మెఱుగుపెట్టి మరల ప్రకటించుటకు ఏ సంస్థయు పూనుకొనలేదు. "దేశీ అడ్డా" చేతియంత్రమైన పీఎస్పీపైన సైతము వెలువడినమాట నిజమే గాని, ఆ యంత్రముయొక్క తయారీయు నిలిచి పదియేండ్లు దాటినది.

కనుక ఇచ్చటనే నా యభిప్రాయము స్పష్టముగా చెప్పుదును: ఆట యెంత ప్రసిద్ధమో పాత యంత్రముతో దానికి అంత తక్కువ పని, ఎంత అనామకమో అంత యెక్కువ పని. 2023 లో అమెరికాలోని వీడియో గేము చరిత్ర సంస్థవారు, ఆ దేశమున 2010 కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగళ్ళలో కొనుటకు దొరకుటలేదని తేల్చిరి. యంత్రమును కొనుమని సలహా యిచ్చువారు మిగిలిన పదమూడింటిని చూపించి ప్రలోభపెట్టుదురు. వలదనువారును ఆ పదమూడే కొత్తవానిపై దొరకుచున్నవని వాదింతురు. ఎనుబదియేడింటి మాట యిరువురును ఎత్తరు.

అయితే యంత్ర మొకటి సంపాదించినంతమాత్రమున పని తీఱునా? తీఱదు. దీని శరీరమున మొదట శిథిలమగునది డిస్కును చదువు లేసరు కన్ను. ఏండ్లు గడచినకొలది దాని వెలుగు క్షీణించును; అది జరుగు పట్టాలపై పూసిన గ్రీసు ఎండి గట్టిపడును; దుమ్ము చేరిన ఫ్యాను లోపలి వేడిమిని బయటికి త్రోయలేక మొఱపెట్టును. మొదట నీలపు అడుగుగల సీడీ యాటలు తిరుగుట మానును, లేదా కొన్ని డీవీడీలు మాత్రమే తిరుగును, తుదకు ఏదియు తిరుగదు. కొంతవఱకు దీనికి చికిత్స గలదు: కన్నును మెత్తగా తుడుచుట, గ్రీసు మార్చుట, ఎండిన కండెన్సర్లను మార్చుట. కొత్త లేసరు కన్నులు సంతలో దొరకును గాని, అవి మూలసంస్థవి గాక అనుకరణములగుటచే ఒకటి ఏండ్లకొలది పనిచేయగా మఱియొకటి నెలకే కన్నుమూయును. జపానులోనే సోనీవారు ఈ యంత్రపు మరమ్మతులను 2018 లో ముగించిరి. ఇక మిగిలినది సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి చోట్లనున్న పనివారి చేతినేర్పు. అట్టి నేర్పరులును సెల్‌ఫోను మరమ్మతులలో ఎక్కువ లాభము గాంచి ఈ విద్యను విడుచుచున్నారు.

మన దేశమున కొనువాడు మఱియొక చిక్కును ఎఱుగవలెను. ఆ కాలమున మన యిండ్లలోని యంత్రములు పెక్కింటికి "చిప్పు వేయించి"యుందురు. అనగా నకలు డిస్కులను సైతము ఆడునట్లు లోపల చిన్నయొక చిప్పును అతుకబెట్టించియుందురు. అట్టి యంత్రముల లేసరు కన్ను, నకలు డిస్కుల మసకరాతను చదువుటకై ఏండ్లకొలది శ్రమపడి, సాధారణముగా మఱింత అరిగిపోయి యుండును. అతుకు చక్కగా లేనిచో ప్రధాన పలకయే చెడియుండుటయు గలదు. మెమరీ కార్డుల విషయమును ఇట్టిదే: సోనీవారి 8 ఎంబీ కార్డు నేటికిని నమ్మదగినది, 64, 128 అని పెద్ద యంకెలు ముద్రించిన చవుక కార్డులలో ఆట దాచుకొనుట నీటిమీది వ్రాత. బంధువులు అమెరికానుండి తెచ్చి యిచ్చిన యంత్రమైనచో, అది 120 వోల్టులకు నిర్మింపబడినదా యని వెనుకవైపు చదువకయే మన గోడకు తగిలించినచో, అది ఒక్క క్షణము వెలిగి, మఱి వెలుగదు.

టీవీ సమస్య నిదివఱకే సూచించితిని. అది తుపాకి యాటలతో తీఱలేదు. ఈ యంత్రము పంపు బొమ్మ గాజుగొట్టపు తెరకు తగినట్లు సరిబేసి గీతలుగా విడదీయబడినది. నేటి టీవీలు పెక్కింటికి ఎఱుపు, తెలుపు, పసుపు రంధ్రములే లేవు. ఉన్నను, వచ్చిన సగము సగము గీతలను కలిపి పెద్ద తెరకు సాగదీయుటలో బొమ్మ మసకబాఱుటయు, బొత్తాము నొక్కిన పిమ్మట తెరపై కదలిక కొంత యాలస్యమగుటయు జరుగుచుండును. పాటలయాటలలోను పోరాటపు టాటలలోను ఆ యాలస్యము ఆటనే చంపును. చవుకగా దొరకు హెచ్‌డీఎంఐ మార్పిడి పెట్టెలు బొమ్మను తెరమీదికి తెచ్చునే గాని బాగుచేయవు. అయిదు తీగెలుగల కాంపొనెంటు కేబులును, దానిని స్వీకరించు టీవీయు దొరకినచో ఫలితము చాల మేలుగా నుండును. మన దేశమున అధికారికముగా అమ్మిన ప్రతులు పాల్ అను టీవీ పద్ధతివి, అనగా సెకనుకు 50 క్షేత్రములు, అనగా సగము సగము గీతల బొమ్మలు, గీయునవి. నిర్మాతలు శ్రద్ధవహింపని యాటలలో, అమెరికా జపాను ప్రతులతో పోల్చిన, వేగము ఆఱవవంతు తగ్గి, తెరపైని క్రిందను నల్లని పట్టెలు మిగులుచుండెను. మనము చిన్ననాట ఆడిన యాట అంత నెమ్మదిగా నుండెనని మనలో ననేకులు ఎఱుగనే యెఱుగరు.

ఇన్ని చిక్కులు గలవు గదా, అన్నిటిని కంప్యూటరుమీద, పాత యంత్రమును అనుకరించు ఎమ్యులేటరు అను ప్రోగ్రాముతో ఆడుకొనరాదా యని తెలిసినవారు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. పీసీఎస్ఎక్స్2 అను ఉచిత ఎమ్యులేటరును ఇరువదియేండ్లకు పైగా స్వచ్ఛందముగా తీర్చిదిద్దుచు, 2024 లో రెండవ ప్రధాన సంచికను వెలువరించిరి. దానియందు ఆటలు తొలియంత్రముకంటె ఎంతో నిర్మలముగా కనబడును. లేసరు కన్ను అరుగుట గాని, మెమరీ కార్డు చెడుట గాని లేదు. కేవలము ఆడుకొనుటయే కోరువానికి ఇంతకంటె మేలైన మార్గము లేదని ఒప్పుకొనవలసినదే. కాని ఆ ఎమ్యులేటరు పనిచేయుటకు యంత్రములోని బయోస్ అను మూలప్రోగ్రాము కావలయును. దానిని మన సొంత యంత్రమునుండి తీసికొనుటయే సక్రమమైన పద్ధతి. డిస్కుల మాటయు అంతే. మన 1957 నాటి కాపీరైటు చట్టముయొక్క 52 వ విభాగము, కంప్యూటరు ప్రోగ్రామును న్యాయముగా పొందియున్నవాడు నష్టమునుండి రక్షణకై తాత్కాలికముగా ప్రతి తీసికొనుటను ఉల్లంఘనముగా ఎంచలేదు. 2012 నాటి సవరణము మాత్రము హక్కుల నుల్లంఘించు నుద్దేశముతో రక్షణపు తాళములను ఛేదించుటను శిక్షార్హము గావించినది. కావున చట్టము తప్పక ఎమ్యులేటరును వాడదలచినవానికి సైతము అటకమీది పాత పెట్టెయే పునాది. దానిని అమ్మివేసి ఎమ్యులేటరుకు మారితినని చెప్పువాడు, ఆ పునాదిని గూడ అమ్మివేసినవాడే.

డిస్కు చేతనుండుటలోని లాభమును మఱియొక వైపునుండి చూడవచ్చును. నింటెండో సంస్థ 2023 మార్చిలో తన వీ యూ, 3డీఎస్ యంత్రముల అంగడిని మూసివేసినప్పుడు, అందు మాత్రమే అమ్మిన యాటలు కొత్తవారికి అందకపోయినవి. యూబిసాఫ్ట్ సంస్థ 2024 లో "ది క్రూ" అను కార్ల యాటయొక్క సర్వర్లను ఆపివేయగా, డబ్బిచ్చి కొన్నవారికే అది ఆడకుండ బోయెను. ప్లేస్టేషన్ 2 డిస్కు ఎవరి యనుమతిని కోరదు. అయితే ఈ గర్వమునకును మినహాయింపు గలదు: "ఫైనల్ ఫాంటసీ 11" ఇంటర్నెటుమీద మాత్రమే ఆడు ఆట, 2016 మార్చిలో ఈ యంత్రమునకు దాని సేవ నిలిచినది. ఆ డిస్కు నేడు పీటక్రింద పెట్టుకొనుటకును పనికిరాదు.

చిన్నపిల్లలున్న యిండ్లవారు ఈ యంత్రమును గూర్చి అడుగుచుండుట నాకు ఆశ్చర్యము గలిగింపలేదు. దీనియందు ప్రకటనలు లేవు. ఆట నడుమ డబ్బు చెల్లింపుమని పీడించుట లేదు. అపరిచితులు పలుకరించు మార్గము నేడు దాదాపు లేదు. ఆటకు మొదలును తుదియు గలవు. ఇద్దఱు పిల్లలు ప్రక్కప్రక్కన కూర్చుండి రెండు కంట్రోలర్లతో కొట్లాడుకొనుట నేటి ఫోను ఆటలలో అరుదు. పిల్లలకు ఇది మేలని చెప్పవచ్చును గాని, డిస్కుల సంచిలో "శాన్ ఆండ్రియాస్" వంటివి కలిసియుండును గనుక, పెద్దలు ఆ సంచిని ముందు తామొకమాఱు వడబోయుట మంచిది.

కావున ఎవరికి వలయును, ఎవరికి వలదు? పది పేరుమోసిన యాటలు మాత్రమే ఆడదలచినవానికి వలదు. కొత్తగా కొని, పెట్టెతోడనే అద్దాల బీరువాలో పెట్టి, ధర పెరుగునని నిరీక్షించువానికిని వలదు. తిరుగని యంత్రము లోపలనే ఎండిపోవును. అది యొకప్పుడు తనదై, డిస్కులు ఇంకను మిగిలియున్నవానికి వలయును. చేతి స్పర్శను, గాజుగొట్టపు తుపాకిని కోరువానికి, గాజుగొట్టపు టీవీ దొరకునంతవఱకు వలయును. ఎవరును మెఱుగుపెట్టబోని చిన్న యాటల నాసక్తితో వెదకువానికి తప్పక వలయును. కొనునప్పుడు 2004 లో వచ్చిన సన్నని నమూనా స్థలము తక్కువ ఆక్రమించును. వెనుక ఖాళీగూడు గల పాత లావు నమూనాలలో నెట్‌వర్కు అడాప్టరుతో హార్డు డిస్కును అమర్చి, తన డిస్కుల ప్రతులను అందుంచుకొని లేసరు కన్నునకు విశ్రాంతి నీయవచ్చును గనుక, నిలువదగినది లావుదే యని నా నిర్ణయము.

హైదరాబాదు డిస్కులను గూర్చి మాత్రము ఇంకొక మాట మిగిలినది. జపానులో 2000 అక్టోబరునుండి డిస్కుల రూపమున వెలువడు ఎలక్ట్రానిక్ ప్రచురణములను, వీడియో గేములతో గూడ, ఆ దేశపు జాతీయ గ్రంథాలయమునకు సమర్పింపవలయునను నియమము గలదు. మన దేశమున 1954 నాటి చట్టము ననుసరించి ప్రతి గ్రంథమును కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయమునకును, చెన్నైలోని కన్నెమెరా గ్రంథాలయమునకును, ముంబయి ఢిల్లీలలోని రెండింటికిని పంపవలయును. 1956 లో వార్తాపత్రికలు ఆ నియమమున చేరినవి. గేములు నేటికిని చేరలేదు. అనగా హనుమంతుని యాటకు గాని, చిర్రగోనె యాటకు గాని ప్రభుత్వ గ్రంథాలయమేదియు బాధ్యత వహింపదు. కొన్నవారి యిండ్లే వానికి గ్రంథాలయములు. అట్టి డిస్కు గలవారు దానిని దాని పెట్టెలోనే నిలువుగా నుంచి, సముద్రతీరపు టూళ్ళవారైనచో తేమ తగులకుండ కాపాడుచు, రెండు మూడు నెలల కొకమాఱు యంత్రమును నడపి చూచుచుండవలయును. పాత ప్లేస్టేషన్‌ను వెయ్యి రెండువేలకు అమ్మివేయబోవువారు, అమ్మకమునకు ముందు, దానితోపాటు సంచిలో పోవుచున్న డిస్కుల పేర్లను ఒకమాఱు చదువుకొనుట మంచిది.